రెండు నిమిషాల రైడ్ కోసం ఎంత దూరం? పన్నెండేళ్ల తర్వాత నా లెక్క

రోలర్ కోస్టర్ ఎక్కడానికి విమానం ఎక్కుతున్నానంటే మొదట్లో మావాళ్లంతా నవ్వేవాళ్లు. ఇప్పుడు నవ్వడం మానేసి "ఈసారి ఎక్కడికి?" అని అడుగుతున్నారు. పన్నెండేళ్లలో 214 కోస్టర్లు ఎక్కాను. ఈ పిచ్చి ఉన్నవాళ్ల మధ్య నేను బచ్చాగాడినే, వెయ్యి దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. అమెరికాలో 1978లోనే 'అమెరికన్ కోస్టర్ ఎంతూసియాస్ట్స్' అని ఏకంగా సంఘం పెట్టుకున్నారు. ఇన్నేళ్లు తిరిగాక, ఏ దూరం గిట్టుబాటు అవుతుందో, ఎక్కడ ఉసూరుమంటూ తిరిగొస్తామో రాయాలనిపించింది.

మొదటి నాలుగేళ్లు రికార్డుల వెంట పడ్డాను. ఎత్తయినది, వేగమైనది, పొడవైనది అని జాబితా రాసుకుని ఒక్కోటీ కొట్టేస్తూ పోవడమే. అబుదాబిలో ఫెరారీ వరల్డ్‌లోని ఫార్ములా రోసాకి అలాగే వెళ్లాను. 2010లో మొదలైన రైడ్, గంటకు 240 కిలోమీటర్ల వేగం. గాలికి, దుమ్ముకి కళ్లు దెబ్బతినకుండా కళ్లద్దాలు పెట్టుకుని ఎక్కాలి. వదిలిన ఐదు సెకన్లలో బుగ్గలు చెవుల దాకా పోయాయి. ఆ ఐదు సెకన్లూ నిజంగా అద్భుతం. కానీ అంత వేగంలో తీసుకునే మలుపులు వెడల్పుగా ఉండక తప్పదు కాబట్టి, ఆ తర్వాత నాకు పెద్దగా ఏమీ జరిగినట్టు అనిపించలేదు. మూడోసారికి అలవాటైపోయింది. అదొక్కటే పనిగా వెళితే రాత్రి హోటల్లో పడుకున్నాక "అంతేనా?" అనిపిస్తుంది.

నా లెక్క మార్చేసింది పెన్సిల్వేనియాలో కనోబెల్స్ అనే పార్కు. అక్కడి ఫీనిక్స్ చెక్క కోస్టర్, ఎత్తు 24 మీటర్లే. అంకెలు చూసి అప్పటిదాకా పక్కన పెట్టేశాను. మనం రైడ్ కోసం ప్రయాణం చేయడం సరే, ఇది రైడే ప్రయాణం చేసి వచ్చింది. 1940లలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో దీన్ని ది రాకెట్ పేరుతో కట్టారు. 1980లో అక్కడి పార్కు మూతపడితే, చెక్క చెక్కకూ నంబరు వేసి విప్పి, రెండు వేల కిలోమీటర్లకు పైగా మోసుకొచ్చి, 1985లో మళ్లీ నిలబెట్టారు.

పొద్దున ఒకసారి ఎక్కితే బాగానే ఉందనిపించింది. చీకటి పడ్డాక చివరి వరుసలో కూర్చున్నాను. పగలంతా తిరిగి చక్రాల బేరింగుల్లో గ్రీజు వేడెక్కి పల్చబడుతుంది, అందుకే సాయంత్రానికి రైలు వేగం పెరుగుతుంది. పైగా శిఖరం దగ్గర ముందు పెట్టెలు దిగడం మొదలుపెట్టాక వెనక పెట్టెను ఒక్కసారిగా లాగేస్తాయి. ఒళ్లోకి దించి మనల్ని పట్టి ఉంచే కడ్డీ (ల్యాప్ బార్) ఇద్దరికీ కలిపి ఒకటే, అదీ తొడలకు ఆనకుండా కొంచెం పైనే ఆగుతుంది. చివర్లో వరసగా వచ్చే చిన్న చిన్న గుట్టల మీద రైలు కిందికి వెళ్తోంది, మనం మాత్రం ఇంకా పైకే పోతున్నాం. దాన్నే మా కోస్టర్ పిచ్చివాళ్లు ఎయిర్‌టైమ్ అంటారు. పక్కన కూర్చున్న పెద్దాయన చేతులు పైకెత్తి, కళ్లు మూసుకుని, ప్రతి గుట్టకీ ముందే "ఇదిగో" అని నవ్వుతున్నాడు. ఆయనకు ట్రాక్ అంతా కంఠతా వచ్చు. ఆ రాత్రి ఆ రైడ్ పదకొండుసార్లు ఎక్కాను.

అప్పటినుంచి పాత చెక్క కోస్టర్ అంటే ఎంత దూరమైనా వెళ్తాను. కోపెన్‌హేగన్ తివోలీ గార్డెన్స్‌లో 1914 నాటి రుట్షెబానెన్ ఉంది. అందులో బ్రేకులు వేసేది కంప్యూటర్ కాదు, మనతోపాటే రైలులో కూర్చునే బ్రేక్‌మన్. లివరు లాగడంలో ఒక్కొక్కరిది ఒక్కో చేయి. దాంతో ఒకేరోజు రెండు రైళ్లు ఎక్కితే రెండు రైడ్లు ఎక్కినట్టే ఉంటుంది.

క్రెడిట్ల సంగతి కూడా చెప్పాలి. మా లెక్కలో ప్రతి కొత్త కోస్టరూ ఒక క్రెడిట్, చిన్నపిల్లల గొంగళిపురుగు రైడ్ అయినా సరే. కొన్ని పార్కుల్లో వెంట పిల్లలు లేకపోతే పెద్దవాళ్లను ఎక్కనివ్వరు. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, పక్కన ఐదేళ్ల మేనల్లుణ్ణి పెట్టుకుని, నేను చక్కర్లు కొట్టిన ఫోటో ఇంట్లో ఇప్పటికీ ఉంది. వాడు రెండో చక్కర్లో "మామయ్యా, నీకు భయమేస్తోందా?" అని అడిగాడు. అంకె కోసం పడే ఆ పాట్లు ఇప్పుడు మానేశాను. పూర్తిగా కాదులెండి.

ఇక అసలు దెబ్బ. ఒక పార్కుకి పదహారు గంటలు ప్రయాణం చేసి, కొండంత ఆశతో గేటు తెరవకముందే నిలబడ్డాను. తీరా చూస్తే నేను ఏ రైడ్ కోసం వెళ్లానో దాని ముందే గొలుసు, "ఈ రోజు నడవదు" అని బోర్డు. ఉన్నదేమో ఒక్కటే రోజు. గొలుసు ఇవతల బెంచీ మీద కూర్చుని ఖాళీ ట్రాక్ చూసుకుంటూ అరగంట గడిపాను. గాలి ఎక్కువైనా, మెరుపులు వచ్చినా, చలి ముదిరినా పెద్ద రైడ్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. అందుకే ఇప్పుడు ముఖ్యమైన పార్కుకి రెండు రోజులకు తక్కువ పెట్టుకోను, అవీ వారం మధ్యలో. చలిదేశాల్లో చాలా పార్కులు శీతాకాలం మూసేసి, వసంతంలో కొన్నాళ్లు వారాంతాల్లోనే తెరుస్తాయి. విమానం టికెట్ కంటే ముందు ఆ క్యాలెండర్ చూసుకోవాలి.

ఒక్క రైడ్ కోసం కాకుండా దగ్గరదగ్గర పార్కులన్నీ కలిపి వెళ్లడం ఇంకా మేలు. జర్మనీలో ఫాంటాసియాలాండ్ దగ్గర మొదలుపెట్టి, సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌లో టోవర్‌లాండ్, ఎఫ్టెలింగ్, వాలిబి హాలండ్ ఒక్క వారంలో కారులో చుట్టేశాను. ఫాంటాసియాలాండ్‌లో టారన్ కోస్టర్, టోవర్‌లాండ్‌లో ట్రాయ్ కోస్టర్, ఒక్కోటీ ఒక్కో రుచి. ఏదో ఒకటి ఆగిపోయినా ట్రిప్ మొత్తం పాడవదు.

అయితే వాయిదా మాత్రం వేయకండి. న్యూజెర్సీలో 139 మీటర్ల ఎత్తున్న 'కింగ్‌డా కా' కోస్టర్‌ని "ఎక్కడికి పోతుందిలే" అని మూడేళ్లు తర్వాతకు నెట్టాను. 2024 నవంబరులో మూసేశారు, 2025 ఫిబ్రవరిలో కూల్చేశారు. ఆ వీడియో ఆఫీసులో చూశాను. ఆ సాయంత్రమే మెల్‌బోర్న్ లూనా పార్క్ క్యాలెండర్ తెరిచి కూర్చున్నాను. అక్కడి సీనిక్ రైల్వే 1912 నాటిది, దాంట్లో బ్రేక్‌మన్ నిలబడే ఉంటాడట.