ఊళ్లో ఎలక్ట్రానిక్ పార్ట్స్ షాపు మూతపడ్డాక: ఆన్‌లైనా, హైదరాబాద్ కోఠీయా?

ఖర్చు: ఐదారు రూపాయల కెపాసిటర్‌కి ఆన్‌లైన్‌లో డెలివరీ చార్జీయే దానికి ఎన్నో ఇంతలు. కోఠీ గుజరాతీ గల్లీలో విడిగా కొనొచ్చు, కాకపోతే ఒక పూట పోతుంది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. కౌంటర్ మీద పాత పార్టు పెట్టి సరిచూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఆ పని మనదే. 1000 మైక్రోఫారడ్, 25 వోల్టులు అని ఉంటే చాలదు. కెపాసిటర్ వ్యాసం, కాళ్ల మధ్య దూరం, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునేదా 85దా అన్నదీ చూడాలి. వేడెక్కే పవర్ సప్లైలో 85ది త్వరగా ఉబ్బుతుంది.

కౌంటర్ దగ్గర వేరే నంబర్ పార్టు ఇచ్చి ‘ఇదీ అదే సార్’ అంటే మాత్రం ఆగండి. చదును వైపు మనకేసి పెడితే బీసీ547 ట్రాన్సిస్టర్ కాళ్లు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904వి ఎమిటర్, బేస్, కలెక్టర్. తిప్పి పెట్టకుండా అతికితే సర్క్యూట్ సరిగా పనిచేయదు.

రిపేరు మధ్యలో ఒక్క పార్టు కోసం ఆగితే, హైదరాబాద్‌లో ఉంటే, కోఠీ. ఆర్డుయినో బోర్డు, సెన్సర్లు, పావు వాట్ రెసిస్టర్ల సెట్టు లాంటివి కలిపి ఒకే ఆర్డర్‌లో ఆన్‌లైన్. జిల్లాల్లో ఉన్నవాళ్లు ముందు టీవీ మెకానిక్‌ని అడగండి, పాత బోర్డులోంచి పీకి ఇవ్వొచ్చు. కెపాసిటర్ మాత్రం అలా తీసుకోవద్దు.