గుంటూరు బ్రాడీపేటలో ఒక టైలరింగు దుకాణం: కుచ్చుల పని ఎలా ఉంది?

పండుగకు మూడు వారాల ముందు బ్రాడీపేటలోని ఒక చిన్న టైలరింగు దుకాణంలో మా అమ్మాయికి పరికిణీ, గౌను, నాకు ఒక కుర్తా కుట్టించాను. మూడింటిలోనూ కుచ్చులో, మడతలో ఉన్న పనే కాబట్టి ఆ పనిని గురించే రాస్తున్నాను.

పరికిణీకి మంగళగిరిలో నిజాం అంచున్న నూలు గుడ్డ రెండు మీటర్లు కొన్నాను. అంబ్రెల్లా కట్ అడిగితే మాస్టరు గుడ్డను బల్ల మీద పరచి, "కుదరదమ్మా, అంచు గుండ్రంగా తిరగదు" అన్నారు. అది నిజం. అంబ్రెల్లా కట్‌లో ఘేరు, అంటే కింది చుట్టు వెడల్పు, గుండ్రని కత్తిరింపు వల్ల వస్తుంది. నేతలో వచ్చిన తిన్నని అంచు కింద నిలవాలంటే ఘేరు మొత్తం నడుము దగ్గర కుచ్చులతోనో ప్లీట్లతోనో రావాలి. బాక్సు ప్లీట్లు, అంటే రెండు వైపులకూ మడిచిన వెడల్పు మడతలు, దగ్గరదగ్గరగా పెడితే నడుము కొలతకు మూడింతల గుడ్డ పడుతుంది. అరవై సెంటీమీటర్ల నడుముకు 180 పోగా చేతులకు చాలినంత మిగలదు. అందుకని రెండున్నర రెట్లు, అంటే మీటరున్నర గుడ్డతో కుచ్చులు పెట్టి, మిగిలిన దానితో జాకెట్టుకు బుట్ట చేతులు తీశారు. జార్జెట్టు వంటి పల్చని గుడ్డకు మూడు రెట్లు పెట్టినా అందంగానే జారుతుంది కానీ, ఈ నూలుకు అంత పెడితే నడుము దగ్గర ఉబ్బిపోతుంది.

కుచ్చులు తీసిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. చాలాచోట్ల ఒక్క కుట్టు వేసి దారం లాగేస్తారు. అప్పుడు కుచ్చులు ఒకచోట గుంపుగా, మరోచోట పలుచగా పడతాయి. ఇక్కడ కుట్టు పొడవు పెంచి, పావు అంగుళం ఎడంతో రెండు వరుసలు వేసి, గుడ్డనూ నడుము పట్టీనీ నాలుగు సమభాగాలుగా గుర్తుపెట్టుకొని, బాబిన్ దారాలు, అంటే మిషను కింది దారాలు, రెండూ కలిపి లాగి, కుచ్చులను గోటితో సర్ది, ఆ రెండు వరుసల నడుమ అసలు కుట్టు వేశారు. ఇస్త్రీ కూడా కుచ్చుల మీద అదిమి చేయలేదు, పెట్టె మొనను కింది నుంచి మడతల మధ్యకు పోనిచ్చారు.

కుర్తా ముందు భాగానికి ఇరవై పిన్ టక్స్, అంటే కుట్టి నిలిపిన సన్న మడతలు, అడిగాను. మూడు మిల్లీమీటర్ల టక్కు ఒక్కొక్కటి ఆరు మిల్లీమీటర్ల గుడ్డను తీసుకుంటుంది, అంటే మొత్తం పన్నెండు సెంటీమీటర్లు. ముందుగా టక్కులు వేసి, ఇస్త్రీ చేసి, ఆ తరువాతే ముందు భాగాన్ని కత్తిరించారు కనుక ఛాతీ దగ్గర కొలత తగ్గలేదు.

గౌను విషయంలో మాత్రం నిరాశ కలిగింది. ఛాతీ మీద స్మాకింగ్ చేయమని చెప్పాను. చుక్కలు పెట్టి, గుడ్డను సమానమైన సన్న మడతలుగా కూర్చి, ఆ మడతలను పైనుంచి చేతి కుట్టుతో పట్టి ఉంచేదే స్మాకింగ్. వారు చేసినది షిర్రింగ్: బాబిన్‌కు ఎలాస్టిక్ దారం చుట్టి మిషను మీద వరుసలు కుట్టారు. చూడటానికి బాగానే ఉంది, సాగుతుంది కూడా. కానీ ఆ దారం ఉతుకులకూ వేడికీ క్రమంగా పట్టు వదిలేస్తుంది, పైగా చేతి కుట్టులోని అల్లిక అందం అందులో ఉండదు. అడిగితే తమ దగ్గర చేతిపని చేసేవారు లేరని ఒప్పుకొని, 750 రూపాయల కూలిలో 200 తగ్గించారు. ఆ మాట గుడ్డ తీసుకున్న రోజే చెప్పవలసింది. స్మాకింగ్ కావలసినవారు ఇక్కడ ఇవ్వవద్దు.

పరికిణీ కూలి 600 రూపాయలు. ఇంటికి తెచ్చి తిరగేసి చూస్తే, అంచుకు పైన లోపలి వైపున రెండంగుళాల మడత పెట్టి, సులువుగా విప్పేందుకు పొడుగు కుట్టు వేసి ఉంది. మా అమ్మ నా పరికిణీలకు అలాగే పెట్టించేది. నేను అడగకుండానే పెట్టిన ఆ మడతను, వచ్చే ఏడు అమ్మాయి పొడవు పెరిగాక విప్పుతాను.