బ్లేడ్ల నుంచి కేవిటీ ఐరన్లకు: హైదరాబాద్ కోర్సుల్లో ఏళ్ళ తరబడి వాడాక

గోల్ఫ్ క్లబ్బుల గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది దూరమే. ఫలానా డ్రైవర్‌తో (మొదటి దెబ్బకు వాడే పెద్ద తల క్లబ్బుతో) ఇన్ని గజాలు పెరిగాయనో, ఫలానా ఐరన్ల (నంబరు పెరిగేకొద్దీ దూరం తగ్గే లోహపు తల క్లబ్బుల) సెట్‌తో 6 నంబరుకు బదులు 7తోనే కొడుతున్నాననో అంటారు. అవన్నీ బంతి ఫేస్ (క్లబ్బు తల ముందు భాగం) నడిమధ్యన తగిలినప్పటి లెక్కలు. నా హ్యాండీక్యాప్ 16, అంటే నేను మామూలు ఆటగాణ్ణే. రౌండ్ మొత్తం మీద అలా తగిలేవి కొన్నే. మిగతావి కాస్త టో (తల కొస) వైపో, కాస్త హీల్ (కర్ర కలిసే చోటు) వైపో, కిందగానో తగులుతాయి. నా స్కోరు తేల్చేది ఆ రెండో రకం షాట్లే. క్లబ్బు మంచిదా కాదా అన్నది కూడా వాటితోనే చూస్తాను.

నేను ఎక్కువగా ఆడేది గోల్కొండ నయా ఖిలాలో, హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కోర్సులో. స్నేహితులు పిలిచినప్పుడు గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌కు వెళ్తాను. చాలాకాలం మా మేనమామ ఇచ్చిన ఫోర్జ్డ్ (ఉక్కును సాగగొట్టి చేసిన) బ్లేడ్ రకం ఐరన్లతో ఆడాను. ఇప్పుడు బ్యాగులో పింగ్ కేవిటీ బ్యాక్ ఐరన్లు, 460 సీసీ డ్రైవర్, దగ్గరి షాట్లకు 50, 56 డిగ్రీల వెడ్జ్‌లు, గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బంతిని దొర్లించడానికి అన్సర్ తరహా పుటర్ ఉన్నాయి. వీటితో ఎన్నో ఎండాకాలాలు, వానాకాలాలు గడిచాయి. ఒకే నేల మీద, ఒకే చేతులతో రెండు రకాలూ వాడాను కాబట్టి పోల్చి చెప్పగలను.

ముందు ఐరన్లు. బ్లేడ్ వెనక భాగం సాఫీగా ఉంటుంది, బరువులో ఎక్కువ పాలు ఫేస్ మధ్యకు దగ్గరగా పోగుపడి ఉంటుంది. కేవిటీ ఐరన్‌లో వీపు భాగాన్ని తొలిచి, అక్కడ మిగిలిన బరువును అంచులకు, ముఖ్యంగా టోకూ హీల్‌కూ పంచుతారు. కావడి బద్దకు రెండు చివర్లా నీళ్ళ బిందెలు వేలాడుతుంటే దాన్ని గిరుక్కున తిప్పడం ఎంత కష్టమో, ఈ తలను మెలితిప్పడం కూడా అంత కష్టం. బంతి పక్కకు తగిలినా తల పెద్దగా తిరగదు, ఫేస్ చూస్తున్న దిక్కు పెద్దగా మారదు, బంతికి అందాల్సిన వేగం పెద్దగా తగ్గదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరుగా పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ నలభై దాటాక గోల్ఫ్ పట్టుకుని, పుటింగ్ కుదరక, 1959లో బరువును టో, హీల్ వైపులకు జరిపి సొంతంగా పుటర్ చేసుకున్నాడు. అదే ఆలోచన తర్వాత ఐరన్లకు పాకింది. అతని కంపెనీ పింగ్ 1982లో తెచ్చిన ఐ2 ఐరన్లతో అది మామూలు ఆటగాళ్ళ చేతుల్లోకి వచ్చేసింది.

పుస్తకంలో ఇది చదివితే సరేననిపిస్తుంది, కళ్ళారా చూస్తే నమ్మకం కుదురుతుంది. ఒక పొద్దున ప్రాక్టీసు రేంజిలో మా క్యాడీ నా పాత 7 నంబరు బ్లేడ్ ఫేస్ మీదా, కొత్త 7 నంబరు ఫేస్ మీదా టాల్కం పౌడరు పల్చగా రాశాడు. బంతి తగిలిన చోట పౌడరు చెదిరి రూపాయి బిళ్ళంత మచ్చ పడుతుంది. వంతులవారీగా కొట్టాను. కాసేపటికి అతను రెండు క్లబ్బులూ పక్కపక్కన పట్టుకుని చూపించాడు. రెండిటి మీదా మచ్చ టో వైపు, దాదాపు ఒకే చోట ఉంది.

“సూడున్రి సార్, రెండూ గీడనే తగిలినయ్. గని బ్లేడ్‌ది గంత ఎనకబడి కుడి దిక్కు పోయింది. గిది జర్రంత తక్కువైంది, గంతే.”

నిజంగానే బ్లేడ్ బంతి పదిహేను ఇరవై గజాలు వెనకబడి, కుడివైపు బంకర్ (ఇసుక గుంట) ఉండాల్సిన వరసలో పడింది. కేవిటీ బంతి ఐదారు గజాలే తగ్గింది. కోర్సులో అయితే అది గ్రీన్ ముందంచున ఆగుతుంది, రెండు పుట్లతో బయటపడొచ్చు. ఈ పౌడరు పరీక్ష రేంజి వరకే పెట్టుకోవాలి. రౌండ్ మధ్యలో క్లబ్బు పనితీరు మార్చేలా తల మీద ఏదైనా పూయడాన్ని రూల్సు ఒప్పుకోవు. పైగా పౌడరు వల్ల బంతి స్పిన్ కూడా మారుతుంది.

దూరం సంగతికి వస్తే, కొత్త ఐరన్లు ఎక్కువ దూరం పోవడానికి పెద్ద కారణం లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం. మామయ్య బ్లేడ్లలో 7 నంబరు లాఫ్ట్ 35 డిగ్రీలు. నా కేవిటీ 7 నంబరు 30 డిగ్రీలు. అంటే ఇది పాత లెక్కలో 6 నంబరు కన్నా కూడా కాస్త నిటారు. పన్నెండు గజాలు పెరిగాయని సంబరపడితే అందులో ఎక్కువ భాగం క్లబ్బు అడుగున చెక్కిన అంకెదే. అయితే ఇది ఉత్త మోసమని కొట్టిపారేయను. బరువు కిందికీ వెనక్కీ జరగడం వల్ల లాఫ్ట్ తగ్గినా బంతి ఎత్తుగానే లేస్తుంది. పాత 6 నంబరుతో నేను అంత ఎత్తు ఎప్పుడూ లేపలేదు. నష్టం ఇంకోచోట ఉంది: స్పిన్ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గట్టిపడ్డ గ్రీన్ మీద బంతి పడి, ఆగకుండా ముందుకు దొర్లిపోతుంది. కాబట్టి ఎండాకాలం నేను జెండాకు గురిపెట్టను, గ్రీన్ ముందంచుకు గురిపెడతాను.

లాఫ్ట్‌లు ఇలా నిటారు చేసినప్పుడు సెట్ అడుగున ఖాళీ ఏర్పడుతుంది. పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీల చుట్టూ, శాండ్ వెడ్జ్ 56 ఉంటే మధ్యలో పన్నెండు డిగ్రీల గొయ్యి. నా లెక్కలో 85 గజాలకూ 115 గజాలకూ మధ్య నిండు స్వింగుతో కొట్టే క్లబ్బే లేదు. 50 డిగ్రీల వెడ్జ్ కొన్నాకే ఆ బాధ తీరింది. కొత్త ఐరన్ల సెట్ ధర చూసేవాళ్ళు ఈ వెడ్జ్ ఖర్చు కూడా కలిపి చూసుకోవాలి. పద్నాలుగు క్లబ్బుల పరిమితిలో దాని చోటు కోసం ఏది తీసేయాలో కూడా ముందే అనుకోవాలి.

మధ్యలో ఒక సీజన్ స్నేహితుడి దగ్గర తీసుకుని హాలో బాడీ ఐరన్లు వాడి చూశాను. లోపల బోలుగా, ఫేస్ పల్చగా ఉండే రకం. ఫేస్ స్ప్రింగులా లోపలికి వంగి బంతిని తోస్తుంది. దూరం నిజంగానే పెరిగింది. నాకు నచ్చనిదల్లా ఆ దూరం నిలకడగా లేకపోవడం. ఒకే స్వింగుతో ఒకటి అనుకున్నచోట పడితే, ఇంకొకటి చెప్పాపెట్టకుండా గ్రీన్ దాటిపోయేది. బౌల్డర్ హిల్స్‌లో గ్రీన్ దాటితే గ్రానైట్ బండలున్న చోటు కావచ్చు. బండకు తగిలిన బంతి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఐరన్‌తో నాకు కావాల్సింది ఎప్పుడూ ఒకే దూరం. అందుకే వాటిని తిరిగి ఇచ్చేశాను.

ఇక ఫీల్. ఇక్కడ మాత్రం బ్లేడ్ల పక్షమే నేను. మెత్తటి కార్బన్ ఉక్కును ఫోర్జ్ చేసి చేసిన ఆ తలలతో బంతి నడిమధ్యన తగిలితే చేతికి ఏమీ తెలియనంత మెత్తగా ఉంటుంది. ఆ సుఖం కేవిటీలో లేదు. కాకపోతే చేతికి తెలిసిందనుకునేదాంట్లో పెద్ద పాలు చెవిది. బంతీ ఫేస్‌ కలిసి ఉండేది సెకనులో రెండువేలవ వంతు. చేయి దాన్ని గ్రహించేసరికి బంతి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. చెవుల్లో దూది పెట్టుకుని రెండు రకాలూ కొట్టి చూడండి. ఫోర్జ్డ్‌కూ కాస్ట్‌కూ (పోతపోసినదానికీ) ఉన్న తేడాలో సగం అక్కడే మాయమవుతుంది. మిగిలిన సగం మాత్రం విలువైనది. ఎక్కడ తగిలిందో బ్లేడ్ కచ్చితంగా చెప్తుంది. హీల్‌కు తగిలితే వేళ్ళు జివ్వుమంటాయి, అక్కడికక్కడే తెలిసిపోతుంది. కేవిటీ మన పొరపాటును ఆటలో దాచిపెట్టినట్టే చేతికి కూడా తెలియనివ్వదు. వారాల తరబడి టో మీద కొడుతున్నా స్కోరు పెద్దగా చెడదు, స్వింగు మాత్రం చెడిపోతూ ఉంటుంది. అందుకే పాత 7 నంబరు బ్లేడ్ అమ్మలేదు. రేంజికి వెళ్తే మొదటి బుట్ట దాంతోనే కొడతాను.

మన్నికలో కేవిటీ గెలిచింది. 17-4 స్టెయిన్‌లెస్ లాంటి గట్టి ఉక్కుతో పోతపోసిన తలలు మన రాళ్ళ నేలకు బాగా ఓర్చుకుంటాయి. బ్లేడ్ల అడుగున నొక్కులు పడ్డాయి. గట్టి నేల మీద కొట్టికొట్టి లాఫ్ట్, లై (కర్రకూ నేలకూ మధ్య) కోణాలు కూడా ఒకటి రెండు డిగ్రీలు జరిగాయి. మెత్తటి ఉక్కు కాబట్టి వాటిని మళ్ళీ వంచి సరిచేయడం సులువు, అది దానికున్న వరం.

లై గురించి మనవాళ్ళు అసలు పట్టించుకోరు. నిలబడినప్పుడు క్లబ్బు అడుగు నేలకు సమంగా ఆనాలి. టో పైకి లేచి ఉంటే కుడిచేతి ఆటగాడికి బంతి ఎడమకు పోతుంది, హీల్ లేస్తే కుడికి. లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్బుతో ఈ తేడా ఎక్కువ కనిపిస్తుంది. పింగ్ వాళ్ళు దీన్ని రంగు చుక్కలతో గుర్తిస్తారు: నల్ల చుక్క మామూలు లై, ఎరుపు ఫ్లాట్ (కర్ర నేలకు కాస్త వాలిన) వైపు, నీలం, ఆకుపచ్చ నిటారు వైపు. నాకు కొలిచి ఎరుపు చుక్క ఇచ్చారు. బ్లేడ్లతో ఏళ్ళ పాటు 9 నంబరు, వెడ్జ్ షాట్లు ఎందుకు ఎడమకు పోయేవో ఆ ఒక్క కొలతతో అర్థమైంది. నా కేవిటీ ఐరన్ల గురిలో వచ్చిన మెరుగంతా తల ఆకారానిదే అనను. అందులో గణనీయమైన వాటా ఈ చుక్కది.

డ్రైవర్ దగ్గర కంపెనీలు చెప్పే గజాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి కారణం రూల్సే. తల 460 సీసీ దాటకూడదు. ఫేస్ స్ప్రింగు గుణానికి 0.83 దగ్గర హద్దు గీశారు. తల తిరక్కుండా నిలిచే గుణానికీ హద్దుంది. 1979లో టేలర్‌మేడ్ లోహపు తల తెచ్చినప్పుడు, 1991లో క్యాలవే బిగ్ బెర్తా 190 సీసీతో వచ్చినప్పుడు అదో పెద్ద మలుపు. ఇప్పుడు పేరున్న కంపెనీలన్నీ ఆ హద్దుల దగ్గరే ఉన్నాయి. నాలుగైదేళ్ళ పాత డ్రైవర్ చేతిలో ఉంటే కొత్త తలతో ఇరవై గజాలు రావు.

నాకు వచ్చిన గజాలు వేరే రెండు మార్పులతో వచ్చాయి. ఒకటి, 10.5 డిగ్రీల లాఫ్ట్‌ను 12కు మార్చడం. నా స్వింగు వేగానికి బంతి గాలిలో ఎక్కువసేపు నిలవాలి. రెండోది, షాఫ్ట్‌ను (క్లబ్బు కర్రను) ఒక అంగుళం కత్తిరించడం. తల తేలికైనట్టు అనిపిస్తే స్క్రూ బరువు మార్చి సరిచేశారు. పొడవు తగ్గితే తల వేగం కొద్దిగా తగ్గుతుంది. దానికి బదులుగా బంతి మధ్యలో తగలడం పెరిగింది. ఫెయిర్‌వేలో (గ్రీన్ దాకా పొట్టిగా కోసిన గడ్డి దారిలో) పడే బంతులు స్పష్టంగా పెరిగాయి, సగటు దూరం తగ్గలేదు సరికదా కాస్త పెరిగింది.

డ్రైవర్ ఫేస్ బల్లలా చదునుగా ఉండదు, టో నుంచి హీల్‌కు కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. అలా ఎందుకో తెలిస్తే ఆ క్లబ్బు మీద గౌరవం పెరుగుతుంది. తల లోతుగా ఉండి బరువు వెనక ఉండటం వల్ల, టోకు తగిలితే తల తిరుగుతూ బంతికి ఎదురు దిశలో స్పిన్ ఇస్తుంది. ఉబ్బెత్తు వల్ల బంతి ముందు కుడికి బయలుదేరుతుంది, ఆ స్పిన్ దాన్ని ఎడమకు, ఫెయిర్‌వే వైపు మళ్ళిస్తుంది. హీల్‌కు తగిలితే దీనికి తలకిందులు. ఫేస్ కిందభాగంలో తగిలితే స్పిన్ పెరిగి బంతి పైకి లేచి అక్కడే కూలబడుతుంది. ఐరన్ తల పల్చన కాబట్టి ఈ సాయం దాదాపు ఉండదు.

షాఫ్ట్ ఎంత బిరుసో చెప్పడానికి దాని మీద రాసిన ఆర్, ఎస్ అక్షరాలకు అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలత లేదు. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్‌తో సమానం కావచ్చు. అక్షరం కన్నా బరువు చూడాలి. బ్లేడ్లలో 130 గ్రాముల ఉక్కు షాఫ్ట్‌లుండేవి. మే నెల ఎండలో పద్నాలుగో హోల్ దాటాక చేతులు ఆలస్యమై బంతి కుడికి జారేది. 95 గ్రాములవి వేసుకున్నాక ఆఖరి హోళ్ళ దాకా స్వింగు నిలబడుతోంది. ఇంకో మాట: విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడితే నా దూరాలన్నీ రెండు మూడు గజాలు తగ్గుతాయి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడి గాలి కాస్త పల్చన. క్లబ్బును తప్పుపట్టే ముందు ఊరిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వెడ్జ్‌లో లాఫ్ట్ కన్నా బౌన్స్ ముఖ్యం. అడుగు భాగం ఎంత ఉబ్బి, నేలలోకి దిగకుండా ఆపుతుందో అది. మన ఎండాకాలపు గట్టి నేల మీద బౌన్స్ ఎక్కువైతే క్లబ్బు నేలను తాకి ఎగిరి బంతి నడుముకు తగులుతుంది, బంతి గ్రీన్ అవతలికి దూసుకెళ్తుంది. ముసురు పట్టినప్పుడు మెత్తబడ్డ నేలలో బౌన్స్ తక్కువైతే అంచు మట్టిలో దిగబడుతుంది. అందుకని 56ను 12 డిగ్రీల బౌన్స్‌తో, 50ను 8తో పెట్టుకున్నాను. వానాకాలం, బంకర్ మొదటిదాంతో, ఎండాకాలపు చిప్పులు (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న షాట్లు) రెండోదాంతో. 56 వెడ్జ్ ఫేస్ మీది గాడుల అంచులు ఇసుకకు అరిగిపోయాయి. పొడి గడ్డి మీద ఆ తేడా అంతగా తెలియదు. తడి గడ్డిలో నుంచి కొడితే మాత్రం బంతి మునుపటి చోట ఆగకుండా దొర్లుతుంది. ముందుగా మార్చాల్సింది అదే.

పుటర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సోల్‌హైమ్ 1966లో గ్రామఫోను రికార్డు కవరు మీద గీసిన అన్సర్ ఆకారం నాకు ఇప్పటికీ సరిపోతోంది.

గ్రిప్పుల మీద మాత్రం పిసినారితనం వద్దు. ఎండలో కారు డిక్కీలో సెట్ వదిలేస్తే రబ్బరు బిరుసెక్కుతుంది, తలను షాఫ్ట్‌కు పట్టి ఉంచే జిగురు కూడా బలహీనపడుతుంది. చెమటకు గ్రిప్పు జారితే చేయి బిగుసుకుంటుంది, బిగుసుకున్న చేతితో ఏ తల ఉన్నా ఫేస్ సమయానికి మూసుకోదు. నేను దారం కలిపిన కార్డ్ గ్రిప్పులు వాడతాను, ఏటా జూన్‌లో వానలు మొదలయ్యే ముందు కొత్తవి వేయిస్తాను.