నీగాతా చలికి కిరోసిన్ స్టవ్: మూడు చలికాలాలు వాడాక

జపాన్‌లో నీగాతా ప్రిఫెక్చర్ (రాష్ట్రం లాంటిది)లోని తోకామాచి దగ్గర పాత చెక్క ఇంట్లో ఉంటున్నాం. ఇక్కడ మంచు మనిషి ఎత్తు దాటి పేరుకుంటుంది. అయినా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంట్లో చలే. గోడలకు ఇన్సులేషన్ లేదు, కిటికీలకు ఒంటి అద్దం. తెల్లారి వంటగదిలో 3 డిగ్రీలు ఉంటుంది. ఏసీలో వేడి గాలి పెడితే తల దగ్గర వేడి, కాళ్లు మాత్రం గడ్డకట్టుకుపోతాయి.

అందుకే గదిని వేడి చేసే కిరోసిన్ స్టవ్ వాడుతున్నాం. దీనికి కరెంటు అక్కర్లేదు. వెలిగించడానికి బ్యాటరీలు చాలు, అవి అయిపోతే అగ్గిపుల్ల. పోయిన జనవరిలో రాత్రంతా కరెంటు లేనప్పుడు దీని మీదే పాపకు పాలు కాచాను, చారు పెట్టాను. ఆ ఒక్క రాత్రికే పెట్టిన డబ్బు దక్కిందనిపించింది.

ఇబ్బందులూ ఉన్నాయి. లీటరు కిరోసిన్ మండితే సుమారు లీటరు నీళ్లు ఆవిరిగా గదిలోకే వస్తాయి. పొద్దున్నే అద్దాలు తుడవకపోతే కర్టెన్లకు బూజు పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఉంది కాబట్టి గంటకు ఒకటి రెండుసార్లు కిటికీ తెరవాలి, పడుకునే ముందు ఆర్పేయాలి. ఇందులో బద్ధకం అస్సలు పనికిరాదు. ఆర్పినప్పుడు కాసేపు వాసన వస్తుంది.

పెట్రోల్ బంకు నుంచి 18 లీటర్ల ఎర్ర కిరోసిన్ డబ్బా మంచులో మోయడం నడుము నొప్పి ఉన్నవాళ్లకు కష్టం. మేము ఇప్పుడు ఇంటికే తెప్పించుకుంటున్నాం. నిరుడు మిగిలిన కిరోసిన్ మాత్రం పోయకండి, వత్తి పాడవుతుంది.