ఐస్ బాక్స్ ఎంపిక: కొన్నేళ్లు వాడిన తరువాత నా అభిప్రాయం

బయటి ప్రయాణాల కోసం 45 లీటర్ల ఐస్ బాక్సును కొన్నేళ్లుగా వాడుతున్నాను. మందపాటి ప్లాస్టిక్ గోడల మధ్య పాలీయురేథేన్ ఫోమ్ నింపిన గట్టి రకం ఇది. చల్లదనం నిలపడంలో దీనికి వంక పెట్టలేను గానీ, బరువు మాత్రం చిన్న విషయం కాదు. ఐసు, సీసాలు, భోజనం సర్దాక ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే తప్ప కదలదు. కారు ఆపిన చోటి నుంచి దూరం నడవాల్సిన వారు ఇంతకంటే చిన్నది తీసుకోవడమే మేలు. చక్రాలున్నవి చదునైన దారిలో బాగానే నడుస్తాయి కానీ ఇసుకలో దిగబడతాయి.

కొనేటప్పుడు అందరి చూపూ ఐసు ఎన్ని రోజులు నిలుస్తుందన్న అంకె మీదికే పోతుంది. నేను దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోను. నిండా ఐసు పోసి, మూత కదపకుండా ఉంచినప్పటి ఫలితం వేరు. నీళ్ల కోసం ఎవరో ఒకరు మాటిమాటికీ మూత ఎత్తుతుండగా, ఎండలో ఉన్న పెట్టె సంగతి వేరు. అంతకంటే మూత అంచున ఉండే రబ్బరు పట్టీని పరీక్షించండి. సన్నని కాగితపు ముక్కను అంచు మీద ఉంచి, మూత వేసి గొళ్లెం బిగించి లాగితే అది తేలిగ్గా జారి రాకూడదు. నాలుగు వైపులా, ముఖ్యంగా మూలల దగ్గర ఇలా చూడాలి. గోడలు ఎంత మందంగా ఉన్నా, పట్టీ సరిగా అతుక్కోకపోతే బయటి వేడిగాలి లోపలికి చేరుతూనే ఉంటుంది.

ఎంత మంచి పెట్టె అయినా సర్దే తీరును బట్టే పనిచేస్తుంది. 30 డిగ్రీల వద్ద ఉన్న ఒక లీటరు నీటిని 5 డిగ్రీలకు దించడానికే 300 గ్రాములకు పైగా ఐసు కరిగిపోతుంది. అలాంటి సీసాలు పది పెడితే మూడు కిలోల ఐసు వాటికే ఖర్చయినట్టు. అందుకే లోపల పెట్టేవన్నీ ముందు రోజే ఫ్రిజ్‌లో చల్లబరచాలి, వీలైతే పెట్టెలోనూ రాత్రంతా కొంత ఐసు వేసి ఉంచాలి. చిన్న ముక్కలకంటే పెద్ద ఐసు దిమ్మ నెమ్మదిగా కరుగుతుంది, కాబట్టి అడుగున దిమ్మలు పరిచి, సందుల్లో ముక్కలు పోస్తాను. కరిగిన నీరు చల్లగా ఉన్నంతసేపు దాన్ని పారబోయవలసిన పని లేదు. వంపేస్తే ఆ ఖాళీలోకి వెచ్చని గాలి చేరుతుంది. ఆహారం మాత్రం ఆ నీటిలో నానకూడదు. పచ్చి మాంసాన్ని గట్టిగా మూసిన డబ్బాలో విడిగా ఉంచాలి.

కారు సాకెట్‌కు తగిలించే పెల్టియర్ రకం (కరెంటు పారితే ఒక వైపు చల్లబడే పలకతో పనిచేసేది) తేలికే అయినా, సాధారణంగా బయటి వేడికంటే ఇరవై డిగ్రీలు తక్కువ వరకే చల్లబరుస్తుంది. మండుటెండలో పాలు, మాంసం నిలవ ఉంచడానికి అది చాలదు. కంప్రెసర్ రకం నిజంగా ఫ్రిజ్‌లా పనిచేస్తుంది, అయితే దానికి తగిన బ్యాటరీ ఏర్పాటు ఉండాలి.

చాలాకాలం వాడితే ముందుగా అరిగేవి చిన్న భాగాలే. నా పెట్టె గోడలు చెక్కుచెదరలేదు గానీ, నీరు వదిలే బిరడాలోని రబ్బరు వాషరు గట్టిపడి నీరు కారడం మొదలైంది. వాషరు విడిగా దొరకడంతో నిమిషాల్లో సరిచేసుకున్నాను. అందువల్ల కొనే ముందు బిరడా, మూత పట్టీ, గొళ్లేలు విడిభాగాలుగా అమ్ముతారో లేదో తప్పక అడగండి.