సముద్ర రక్షిత ప్రాంతం: సర్కారు చేతిలోనా, ఊరి చేతిలోనా?

ఫిలిప్పీన్స్‌లో సుమిలాన్, ఆపో అని రెండు చిన్న దీవులున్నాయి. రెండు చోట్లా పగడపు దిబ్బల్లో కొంత భాగంలో చేపల వేట ఆపించింది అక్కడి సిలిమన్ యూనివర్సిటీయే, దాని వెనకున్న శాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలాయే. ఫలితాలు మాత్రం ఒకలా రాలేదు.

సుమిలాన్‌లో 1974లో మొదలుపెట్టారు. మూసిన చోట చేప పెరిగింది, పక్కనున్న వలల్లోకీ వచ్చింది. అయితే జాలర్లకు అది పైవాళ్లు పెట్టిన రూలు. 1984లో స్థానిక రాజకీయం మారడంతో కాపలా పోయింది. పదేళ్లు కూడబెట్టింది ఏడాదిన్నరలో ఊడ్చేశారు. దీవి చుట్టూ మొత్తం దిగుబడి దాదాపు సగానికి పడిపోయింది.

ఆపోలో తొందరపడలేదు. ముందు ఏళ్ల తరబడి మాట్లాడారు. 1982లో ఊరివాళ్లే ఒప్పుకుని, సుమారు అర కిలోమీటరు తీరం వెంబడి వేట మానేశారు. కాపలా కూడా వాళ్లదే. తను ఒప్పుకున్న హద్దు కాబట్టి దొంగవేటకు వచ్చిన వాణ్ణి జాలరే తరిమేవాడు. నిజానికి ఈ పోలిక పూర్తిగా న్యాయం కాదు. సుమిలాన్‌లో కాపురముండే ఊరే లేదు, వేటకు అవతలి తీరం నుంచి వచ్చేవారు. కాపలా ఊరి చేతిలో ఉంటేనే నిలుస్తుందన్న నా వాదనకు ఆ తేడాయే బలం అనుకోండి.

ఊరి పెత్తనానికి లోపాలు లేవా? ఉన్నాయి. తప్పు చేసింది మేనల్లుడైతే జరిమానా వేయడానికి నోరు రాదు. బయటి నుంచి మరపడవ వస్తే చిన్న పడవతో ఎదిరించడం ప్రాణాలమీదికే. అందుకే వెనక చట్టం ఉండాలి. కానీ ఎంతవరకు? 1994లో ఆపోను జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించాక నిర్ణయాలు సర్కారు ఏర్పాటు చేసిన బోర్డుకు వెళ్లాయి, పర్యాటకుల రుసుము జాతీయ నిధి మీదుగా తిరిగి రావాల్సి వచ్చింది. ఇది తప్పటడుగేనని నా లెక్క. బాగా నడుస్తున్న దాన్ని లాక్కోవడం సాయం ఎలా అవుతుంది?

ఆస్ట్రేలియా తీరంలోని పగడపు దిబ్బల వరుస, గ్రేట్ బారియర్ రీఫ్ లాంటిది వేరే సంగతి. 3,44,400 చదరపు కిలోమీటర్లు! 2004లో అందులో మూడో వంతు వేటకు మూసేశారు. అంత నీటిని ఏ ఊరూ కాయలేదు. ఓడలు, విమానాలు, కోర్టులు కావాలి. అక్కడ సర్కారే మేలు.

తీరానికి దగ్గరగా ఉన్న చిన్న ప్రాంతాలకైతే నా ఓటు ఫిజీ పద్ధతికి. అక్కడ తరతరాల వేట హక్కులున్న ఊళ్లే ఎక్కడ, ఎన్నాళ్లు మూయాలో తేల్చుకుంటాయి. 1997లో ఉకునివనువా గ్రామం 24 హెక్టార్లు మూసి, ఆల్చిప్పలు మళ్లీ పెరగడం కళ్లారా చూసింది. సర్కారేమో ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి ఫిష్ వార్డెన్లుగా, అంటే వేట కాపలాదార్లుగా గుర్తింపు కార్డులిస్తుంది. ఊరి మనిషి చేతిలో ఆ కార్డు ఉంటే మరపడవవాడు కూడా కాస్త ఆలోచిస్తాడు.