పాప వేళ్లకు ఉంగరాలు, పట్టీలు: మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా వాడాక

మా పాపకు కీళ్లు వదులు. బొటనవేలు వంచితే ముంజేతికి తగులుతుంది, చిటికెనవేలు నిట్టనిలువుగా వెనక్కి లేస్తుంది. మూడో తరగతిలో అర పేజీ రాసేసరికి చెయ్యి విదిలించుకునేది. మా ఊళ్లో డాక్టరు కాల్షియం తక్కువని టానిక్కు రాశారు. వేలూరు పోతే కీళ్లు ఎంత వదులో లెక్కేసే బైటన్ స్కోరు చూశారు, 9కి 7. మార్ఫాన్ లాంటి జన్యు జబ్బైతే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం వెడల్పయ్యే ప్రమాదం ఉందని గుండెకు ఎకో స్కాన్ కూడా తీశారు. అది బాగానే ఉంది. చివరికి పుట్టుకతోనే కణజాలం సాగే జబ్బు, ఎహ్లర్స్ డాన్లోస్‌లో వదులు కీళ్ల రకం అన్నారు. ఈ రకానికి జన్యువు ఇంకా దొరకలేదు కాబట్టి రక్తపరీక్షతో తేలదు, పిల్లను చూసి, ఇంట్లోవాళ్ల సంగతులు అడిగి చెప్పాల్సిందే. ఆపరేషన్ మాటెత్తితే డాక్టరమ్మ వద్దనేసింది. కణజాలమే సాగే రకమైనప్పుడు బిగించి కుట్టినా మళ్లీ సాగుతుంది, గాయం మానడమూ ఆలస్యమేనట. ఇక మిగిలినవి ఉంగరాలు, పట్టీలు, కసరత్తు.

ఉంగరానికి నా ఓటు. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ప్లాస్టిక్ ముక్క. వేలి నడిమి కణుపుకి తొడిగితే ముందుకు మామూలుగా వంగనిస్తుంది, వెనక్కి విరుచుకోనివ్వదు. పెన్సిల్ నొక్కినప్పుడల్లా పాప చూపుడువేలు నడిమి కణుపు దగ్గర లోపలికి కుంగి, గోరు తెల్లబడేది. ఉంగరం వేసిన రోజే అది ఆగింది. నొప్పి తగ్గడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఇది వేసుకున్నంతసేపే కాపాడుతుంది, కీలును బాగుచేయదు. ఆ సంగతి తెలిసి కొనుక్కుంటే నిరాశ ఉండదు.

ఇబ్బందల్లా అన్నం దగ్గరే. మనం చేత్తో తినేవాళ్లం. చేపల పులుసు కలుపుకుంటే మెతుకులు ఉంగరం సందుల్లో ఇరుక్కుంటాయి, కింద చర్మం నానిపోతుంది, పసుపు పట్టి ఉంగరం రంగే మారిపోతుంది. అందుకే తిండికీ నిద్రకీ తీసేస్తాం. పిల్ల ఎదిగేకొద్దీ సైజు మారుతుంది, ప్రతి బడి ఏడాది మొదట్లో మళ్లీ కొలిపించాలి. ఆరో తరగతిలో ఆచారి వీధిలో అదే నమూనా చూపించి వెండిలో చేయించాం. సన్నంగా ఉంటుంది, కడిగితే శుభ్రం. థెరపిస్టు సరిచూశాకే తొడిగాం. బడిలో నగలు వద్దన్నారు, డాక్టరు చీటీ చూపిస్తే ఊరుకున్నారు.

బొటనవేలికి కట్టే రబ్బరుగుడ్డ పట్టీ మన ఊళ్లకు సరిపోదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఫర్వాలేదు. ఆ తర్వాత నెల్లూరు ఉక్కలో లోపలంతా చెమటకాయలే. వెల్క్రో అంచు గీసుకుని చర్మం లేచింది కూడా, ఈ పిల్లల చర్మం అసలే పలచన. ఇక వేడినీళ్లలో మెత్తబరిచి చేతి ఆకారానికి వంచే గట్టి ప్లాస్టిక్ పట్టీ, స్ప్లింటు ఉంది. పని బాగా చేస్తుంది గానీ రోహిణి కార్తెలో స్కూటర్ డిక్కీలో పెట్టారో వంకర తిరుగుతుంది. మాదొకటి అలాగే పోయింది.

కసరత్తుకు థెరపీ పుట్టీ ఇచ్చారు, పిండిముద్దలా నొక్కేది. వేలు వెనక్కి పోకుండా చూసుకుంటూ మెల్లగా నొక్కాలి. సాగదీసే వ్యాయామాలు వద్దన్నారు, ఉన్న సాగుడే ఎక్కువ కదా. పుట్టీ అయిపోయాక కొన్నాళ్లు చపాతీ పిండితో నడిపాం, ఫర్వాలేదు. మెటికలు విరవడం మాన్పించాం. చుట్టాలొచ్చి "ఏదమ్మా, ఆ వేలు వంచి చూపించు" అంటే ఇప్పుడు మా అత్తే అడ్డంపడుతుంది: "అదేమన్నా సర్కసా, పోండబ్బా!"

అన్నిటికన్నా చవకైనదే ఎక్కువ పనిచేసింది. లావు పెన్ను, దాన్ని చూపుడువేలికీ మధ్యవేలికీ సందులో పెట్టి పట్టుకోవడం, పరీక్ష అట్ట కింద రెండు పుస్తకాలు పెట్టి ఏటవాలు చేయడం, పావుగంటకోసారి చెయ్యి దించడం. అక్షరాలు మొదట్లో కోడి గెలికినట్టున్నాయి, తెలుగు టీచరు గొణిగింది. ఇప్పుడు బాగానే ఉన్నాయి.

ఒక మాట. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం, కీళ్లు వాచి వెచ్చగా ఉండటం కనిపిస్తే అది వేరే జబ్బు కావచ్చు. ఉంగరాలు కొనకుండా ముందు కీళ్ల జబ్బులు చూసే రుమటాలజీ డాక్టరుకు చూపించండి.

పరీక్షల సంగతి. వికలాంగత 40 శాతం లేకపోతే అదనపు సమయం రాదని బడివాళ్లు తేల్చి చెప్పారు. అది నిజం కాదు. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే ఒక అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ 40 శాతం లేకపోయినా రాసిపెట్టే మనిషిని ఇవ్వాలంది. 2022 ఆగస్టులో కేంద్రం అలాంటివాళ్లకు రాసిపెట్టే మనిషి, అదనపు సమయం గురించి మార్గదర్శకాలూ ఇచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి. పాపకు రాసిపెట్టే మనిషి వద్దంట, సమయం చాలంట. పదో తరగతి దగ్గరపడ్డాక పరుగులు పెట్టకుండా ఆ కాగితం ఇప్పుడే తయారు చేయించుకుంటున్నాం.